అరకు కొండల్లోకి ఒక వెన్నుపూస

ఉదయం ఆరూ నలభై అయిదుకి విశాఖపట్నంలో బయలుదేరాల్సిన కిరండూల్ పాసింజరు ఆ బుధవారం సరిగ్గా ఆ వేళకే బయలుదేరింది. ఈ ప్రయాణం మొత్తంలో ఇచ్చిన మాట ప్రకారం నడిచింది అదొక్కటే కాబట్టి ముందుగా రాసి పెడుతున్నాను.

నా ఒళ్ళో ఒక రేకుపెట్టె ఉంది. అందులో పాత దుప్పటిలో చుట్టిన తిమింగలం వెన్నుపూస ఒకటి ఉంది. ముక్కాలి పీటంత ఉంటుంది, తొమ్మిది కేజీలు తూగుతుంది. అటవీ శాఖ వాళ్ళ అనుమతి కాగితం జిరాక్సు పెట్టె మూతకి లోపలివైపు అతికించి ఉంటుంది. ఈ ఎముకతో చిన్నపిల్లలకి సముద్రంలో బతికే పాలిచ్చే జంతువుల గురించి, సముద్రాన్ని పాడు చెయ్యకుండా ఉండడం గురించి పాఠం చెప్పడం నా పని. సముద్రం విశాఖపట్నంలో ఉంది. నన్ను పంపింది అరకు దాటి పైకి.

ఎందుకు పంపారో చెబుతాను. నేను ఇరవయ్యేడేళ్ళు ఒక చిన్న మ్యూజియంలో అటెండరుగా చేశాను. హాలు మధ్యలో తిమింగలం అస్థిపంజరం, దాని ముందు ఇత్తడి బోర్డు, బోర్డు మీద ‘ప్రపంచంలోకెల్లా పెద్ద చేప’ అని అక్షరాలు. తిమింగలం చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లని కంటుంది, పాలిస్తుంది. ఈ సంగతి బోర్డు చేయించిన డైరెక్టరుకి నేను చేరిన మొదటి నెలలోనే చెప్పాను. ‘నీ పని తుడవడం’ అన్నాడు. ఆయన తరవాత వచ్చిన నలుగురు డైరెక్టర్లకీ కలిపి పదకొండు ఉత్తరాలు రాశాను. నకళ్ళన్నీ నా దగ్గరున్నాయి. బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ దాన్ని తుడిచింది నేనే.

రిటైరయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. మ్యూజియం దగ్గర అనుమతి తీసుకుని ఈ వెన్నుపూసని పాఠానికి ఇప్పించుకున్నది ఆ సంస్థే; ఇది హాల్లో ఉన్నదానిది కాదు, తరవాతెప్పుడో ఒడ్డుకు కొట్టుకొచ్చి గోదాములో చేరిన ఇంకో తిమింగలానిది. అక్కడ ప్రోగ్రాం మేనేజరు ఒక అమ్మాయి. బీచ్ రోడ్డులో ఉన్న ఇంగ్లీషు మీడియం బళ్ళన్నీ కుర్రవాళ్ళకి పంచేసి నాతో, ‘సార్, మీకు తెలుగు బాగా వచ్చు కదా, హిల్ స్కూల్స్ మీకు పర్ఫెక్ట్’ అంది. నాకు తెలుగు వచ్చన్న సంగతి కనిపెట్టిన మొదటి మనిషి ఆవిడే.

ఇంకో మాట కూడా అంది. జూన్ నుంచి ఎముకల పెట్టె మానేసి ట్యాబుల్లో వీడియోలు చూపిద్దామని పైవాళ్ళ ఆలోచనట. ఈ ఆఖరి బడిలో పాఠం అయ్యాక పిల్లలందరికీ ఒక కాగితం ఇవ్వాలి. ‘తిమింగలం చేపా, కాదా’ అన్న ఒక్క ప్రశ్నకి సగం మంది సరైన చోట టిక్కు పెడితే నా పెట్టె ఉంటుంది. లేకపోతే మ్యూజియం గోదాముకి పోతుంది. నాకు నవ్వొచ్చింది. ఆ ఒక్క ప్రశ్న మీదే బతికినవాణ్ణి నేను.

కొత్తవలస దాటాక నా ఎదురు సీట్లోకి శృంగవరపుకోట వెళ్ళే ముసలావిడ ఒకరు వచ్చి కూర్చుంది. పెట్టె వంక రెండు నిమిషాలు చూసింది.

“ఏటి బాబూ అందులో, చంటిపిల్లలా ఒళ్ళో ఎట్టుకున్నావు?”

“తిమింగలం ఎముకమ్మా.”

“కొండ మీదికా? అక్కడోల్లకి ఎముకల్లేవేటి?”

“పిల్లలకి పాఠం చెప్పడానికి.”

“సముద్రం ఊర్లో ఎట్టుకుని పాఠం కొండమీదేటి బాబూ.” అలా అని ఆవిడ కిటికీ వైపు తిరిగి పడుకుంది. సంస్థ మీటింగులో నేను అడిగిన మాట ఇదే. అక్కడ దాన్ని ‘నెగెటివ్ యాటిట్యూడ్’ అన్నారు.

బొడ్డవర దాటాక ఘాటు మొదలవుతుంది, సొరంగాలు మొదలవుతాయి. వెళ్ళేవాళ్ళకి ఒక సలహా: కుడివైపు కిటికీ దొరికినా ఎడమవైపు దొరికినా లాభం లేదు, ఫోను పట్టుకున్న చెయ్యి ఒకటి మీ ముక్కు ముందు ఉంటుంది. ప్రతి సొరంగంలోనూ బోగీ బోగీ అంతా కేకలు వేస్తారు. మొదటి సొరంగంలో వేస్తే సరదా అనుకోవచ్చు. ముప్పయ్యో సొరంగంలో కూడా అదే కేక, అదే మనుషులు.

బొర్రా గుహల స్టేషనుకి తొమ్మిదీ నలభైకి చేరాం. దిగువన లోయలో గోస్తనీ కనిపించింది. నా పక్క సీటు నాయన చిప్సు తిన్న ప్యాకెట్టు కిటికీలోంచి ఆ లోయలోకి వదిలేశాడు. ఆ ఏరే కిందికి పోయి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని, ఆ ప్యాకెట్టు కూడా కలుస్తుందని చెప్పాను.

“అంత దూరం వెళ్తుందా అంకుల్? మా బావమరిది కంటే నయం” అన్నాడు. పక్కనున్న బావమరిదితో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే రెండో ప్యాకెట్టు కూడా పోయింది. తాబేళ్ళూ డాల్ఫిన్లూ ఏ మూర్ఖుల వల్ల చస్తున్నాయని ఎవరైనా అడిగితే, చెడ్డవాళ్ళ వల్ల కాదని చెబుతాను. ఇలాంటి సరదా మనుషుల వల్లే.

అరకు స్టేషన్లో పదకొండూ పదికి దిగాను. అరకు గురించి రాసేవాళ్ళందరూ పొగమంచుతో మొదలుపెడతారు. నాకు కనిపించింది బొంగు చికెన్ బోర్డులూ, గుర్రం మీద ఫోటో తీస్తామని వెంటపడే మనుషులూ. బస్‌స్టాండు పక్క బడ్డీలో రెండు ఇడ్లీలు తిన్నాను. పల్లీ చట్నీ పలచన. టీ మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి.

ముంచింగిపుట్టు వైపు వెళ్ళే జీపు పన్నెండుకి అన్నారు. నిండాక పన్నెండూ ముప్పావుకి కదిలింది. నిండడం అంటే పద్ధెనిమిది మంది, రెండు మేకలు. పెట్టెని పైన కట్టేస్తానన్నాడు డ్రైవరు. వీల్లేదన్నాను.

“పెట్టె ఒల్లో ఎట్టుకుంటే మడిసికి సోటేదీ? ఎముక్కి కూడా సీటు కావాలేటి బాబూ?”

“నేను ఒక సీటులోనే కూర్చున్నాను.”

“నువ్వు ఒకటే, నీ మాట రెండు సీట్లుంది” అన్నాడు. మేకల ఆసామీ పళ్ళు బయటపెట్టి నవ్వాడు. ఆ జీపు వెనక అద్దం మీద పగులు ఉంది, ఎడమ పక్క దీపం లేదు. ఈ మాటలు ఎక్కడ చెప్పాలో అక్కడ చెబుతాను.

దిగిన ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే ఏటికి అక్కడ రంగుగుడ్డల టెంట్లు వేసి క్యాంప్‌ఫైరు అంటారు. రోడ్డు నుంచి కాఫీ తోటల్లోంచి కిలోమీటరు నడవాలి. రెండు గదుల బడి, ఒకే టీచరు, ఒకటి నుంచి అయిదు దాకా కలిపి పంతొమ్మిది మంది పిల్లలు. టీచరు పేరు మేరీ. సాలూరు దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడే అద్దెకుంటోంది.

“రండి మాస్టారూ. మీరు గురువారం వత్తారని గదా మెసేజీ పెట్టారు.”

“ఇవాళ బుధవారం.”

“అదే నేనూ అనుకున్నాను” అంది మేరీ, ఎంతో మర్యాదగా. మేనేజరుకి వారాలు కూడా రావని ఈ చోట నమోదు చేస్తున్నాను.

రెండున్నరకి పాఠం మొదలుపెట్టాను. సంస్థ ఇచ్చిన చార్టు విప్పితే అందులో ఒక తెల్లపిల్లాడు ఇసక గూడు కడుతున్నాడు. ‘బీచ్‌కి వెళ్ళినప్పుడు మన చెత్త మనమే తెచ్చుకుందాం’ అని కింద రాసి ఉంది. ఆ పంతొమ్మిది మందిలో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చార్టు మడిచేసి పెట్టె తెరిచాను.

నేను తెలుగులో చెబితే మేరీ టీచరు చిన్నపిల్లల కోసం ఆదివాసీ ఒరియాలో మళ్ళీ చెప్పేది. ఎముక ఎవరిదని అడిగాను. దున్నపోతుదన్నారు, ఏనుగుదన్నారు. నీళ్ళలో ఉండేదని చెబితే నమ్మలేదు. ఊపిరి కోసం పైకి వస్తుందని, తల పైన ముక్కు ఉంటుందని, ఈనిన వెంటనే పిల్లని పైకి నెట్టి మొదటి ఊపిరి పీల్పిస్తుందని, పాలిస్తుందని చెప్పాను. అందుకే ఇది చేప కాదన్నాను. మూడుసార్లు అన్నాను, మూడుసార్లు వాళ్ళ చేత అనిపించాను.

మూడో తరగతి గుంట ఒకతి లేచింది. పేరు సోంబారి. సోమవారం పుట్టిందట.

“నీల్లల్లో పాలిత్తే కలిసిపోవా?”

ఇరవయ్యేడేళ్ళలో ఆ మ్యూజియానికి మంత్రులు వచ్చారు, ప్రొఫెసర్లు వచ్చారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తిమింగలం పాలు పేరుకున్న నెయ్యంత చిక్కగా ఉంటాయని, తల్లి పిల్ల నోట్లోకే చిమ్ముతుందని చెప్పాను. సోంబారి సరే అన్నట్టు తలూపింది. వెంటనే ఇంకోటి అడిగింది.

“ఇదెలా సచ్చిపోయింది?”

చిన్నపిల్లలకి చావు సంగతులు చెప్పకూడదని సంస్థ రూలు. ‘శాడ్ కంటెంట్’ అంటారు. ఆ రూలు పెట్టిన మీటింగులో నా మాట మధ్యలో ఆపి టీలు తెప్పించారు. అది గుర్తొచ్చి మొత్తం చెప్పేశాను. ఎవరో తెగిపోయిన వలని సముద్రంలోనే వదిలేశారు. అది దీని తోకకీ నోటికీ చుట్టుకుంది. పైకి రాలేక ఊపిరి అందక చచ్చిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆడది. దాని పిల్ల అలల అవతల రెండు రోజులు తిరిగిందని పడవల వాళ్ళు చెప్పారు. మీ బడి వెనక పారే గెడ్డలో వేసిన ప్లాస్టిక్ సంచి కూడా ఏరుల్లో పడి చివరికి ఆ నీళ్ళకే చేరుతుందని చెప్పి ముగించాను.

బడి వంట చేసే బుద్రమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆవిడ సోంబారికి నాయనమ్మ.

ప్రశ్న కాగితాలు మర్నాడు పొద్దున్న ఇవ్వాలన్నది పద్ధతి. రాత్రి దాటినా గుర్తుంటేనే చదువు అని మేనేజరు సిద్ధాంతం. పెట్టెని బళ్ళో పెట్టి తాళం వేయించి నాలుగు గంటల జీపులో అరకు తిరిగొచ్చి లాడ్జిలో దిగాను. వేడినీళ్ళు ఇరవై నాలుగు గంటలూ అని బోర్డు. పొద్దున్న అయిదున్నరకి అడిగితే, “ఇరవై నాలుగ్గంటలంటే ఏడు తరవాత సార్” అన్నాడు కౌంటరు కుర్రాడు. చన్నీళ్ళు నాకు పడవు. మొహం కడుక్కుని ఏడుంబావు జీపు పట్టుకున్నాను.

బడికి ఎనిమిదీ యాభైకి చేరేసరికి తలుపులు తీసి ఉన్నాయి. నా పెట్టె ఖాళీగా వరండాలో ఉంది.

వెన్నుపూస బడి వెనక గెడ్డ ఒడ్డున ఒక రాతి మీద ఉంది. నిండా పసుపు పూసి ఉంది. దాని ముందు అడ్డాకుల్లో సామ అన్నం పెట్టారు. పక్కన పగిలిన కుండ పెంకులు. ఆరుగురు ఆడవాళ్ళూ ఏడెనిమిది మంది పిల్లలూ తలల నుంచి నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నారు. ఆ మంచులో, ఆ చలిలో, తలారా మునిగి వచ్చారు. సోంబారి పళ్ళు టకటకలాడుతున్నాయి.

నేను అరిచాను. ఏం అరిచానో అంతా రాయను. ఆ ఎముకని మెత్తటి బట్టతో తప్ప ముట్టుకోననీ, పసుపు లోపలికి దిగితే పోదనీ, ఇది ప్రభుత్వం సొత్తనీ అన్నాను. మేరీ టీచరు పరుగున వచ్చింది.

“నాకు తెల్దు మాస్టారూ. తాళం బుద్రమ్మ దగ్గరే ఉంటది.”

బుద్రమ్మ కొంగు పిండుకుంటూ నా వైపు నడిచింది. అరిచిన మనిషిని చూస్తున్నట్టు చూడలేదు, ఏడుస్తున్న మనిషిని చూస్తున్నట్టు చూసింది.

“కోప్పడకు బాబూ. నిన్న గుంట ఇంటికొచ్చి కూడు ముట్టనేదు. సముద్రంలో మనోల్లావిడ సచ్చిపోనాది, ఎవులూ తానం సెయ్యనేదు అంటది. మేం సేప గోత్రపోల్లం. సేప సంపం, తినం. ఎక్కడ సచ్చి కనబడినా ఇంట్లో మడిసి పోయినట్టే. కుండ పగలగొట్టాల, తానం సెయ్యాల.”

“ఇది చేప కాదని నిన్న చెప్పాను కదా. నువ్వూ విన్నావు.”

“ఇన్నాను. అందుకే రాత్రి ఊరంతా కూకున్నాం.”

ఆ సభ సంగతి మిగతాది బుద్రమ్మ చెబుతుంటే మేరీ టీచరు నాకు విడమరిచి చెప్పింది. ఊళ్ళో పులి గోత్రం వాళ్ళున్నారు, కోతి గోత్రం, పాము గోత్రం, సూర్యుడి గోత్రం వాళ్ళున్నారు. పాలిస్తుంది కాబట్టి పులి వాళ్ళది కావచ్చని ఒకరన్నారు. పులి గోత్రం పెద్ద ఒప్పుకోలేదు, నాలుగు కాళ్ళు లేనిది మాకెలా చుట్టం అన్నాడు. పిల్లని ఎత్తుకుని తిరుగుతుంది కాబట్టి కోతి వాళ్ళది అన్నారు. వాళ్ళూ కాదన్నారు. పొడుగ్గా ఉంటుందా అని పాము వాళ్ళు అడిగారట, ఎవరికీ తెలియలేదు. ఇలా చాలాసేపు నడిచింది. మా మ్యూజియంలో ఇరవయ్యేడేళ్ళలో తిమింగలం ఎముకల గురించి అంతసేపు మాట్లాడిన మీటింగు ఒక్కటీ జరగలేదు.

“ఎవులూ మాది కాదన్నారు బాబూ” అంది బుద్రమ్మ. “సేప కాదంటే దానికి ఎవులూ నేరు. నీల్లల్లో బతికింది. దిక్కునేకండా ఎలా వొదిలేత్తాం? మేం తీసుకున్నాం.”

అది ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజు నేనూ వెళ్ళాను. జనం దాని మీదికెక్కి ఫోటోలు తీసుకున్నారు. ఒకడు చంటిపిల్లని దాని తల మీద కూర్చోబెట్టాడు. మొక్కజొన్న పొత్తుల బండి కూడా వచ్చింది. నేను టేపు తీసుకుని పొడుగు కొలిచాను, ఇంటికొచ్చి వాసన పోవడానికి డెట్టాలుతో చేతులు కడుక్కున్నాను. అది జరిగి ఏడేళ్ళయింది. ఆ రోజు ఆ జనాన్ని ఎంత అసహ్యించుకున్నానో నాకు బాగా గుర్తు. డెట్టాలు సంగతి ఆ గెడ్డ ఒడ్డునే గుర్తొచ్చింది.

తొమ్మిదీ నలభైకి కాగితాలు పంచాను. తిమింగలం బొమ్మ, కింద రెండు గళ్ళు. ఒకదాని పక్కన ‘చేప’, రెండోదాని పక్కన ‘చేప కాదు’. చదవడం రానివాళ్ళకి మేరీ టీచరు గళ్ళు చూపించింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాయి. పంతొమ్మిది కాగితాలు, పంతొమ్మిది టిక్కులు, అన్నీ ‘చేప’ మీదే. పులి గోత్రం పిల్లలవి కూడా.

సోంబారిని పిలిచాను. ఇంకా వణుకుతోంది, మేరీ టీచరిచ్చిన శాలువా కప్పుకుని ఉంది.

“తిమింగలం ఊపిరి ఎలా తీస్తుంది?”

“పైకొచ్చి. నెత్తి మీద ముక్కుతో.”

“పిల్లకి?”

“పాలిత్తది. నెయ్యిలా ఉంటాది.”

“మరి చేపకి పాలుంటాయా?”

“ఉండవు.”

“అయితే ఇది చేపా?”

“కాదు” అంది సోంబారి. నన్ను చూసి జాలిపడినట్టు, మెల్లగా చెప్పింది. “కాదని తెల్సు మాస్టారూ. కాదని టిక్కెడితే మా తానం సెల్లదు గదా. అప్పుడు దానికెవులున్నారు?”

నేను కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను. మేరీ టీచరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

“మాస్టారూ, పెన్సిలే గదా. రబ్బరుంది. పది కాగితాలు మార్చేత్తే మీ పెట్టె ఉంటాది. ఎలాగూ పిల్లలకి వచ్చిందే గదా. నేను సంతకం పెడతాను.”

మంచి మనసుతో అన్న మాట. పది టిక్కులు చాలు. పిల్లలకి పాఠం వచ్చిన మాటా నిజమే, నా నాలుగేళ్ళ పాఠాల్లో ఏ బడిలోనూ రానంతగా వచ్చింది. కానీ ఎవడో వేయించిన తప్పు రాత కింద ఇరవయ్యేడేళ్ళు నిలబడి సమాధానం చెప్పుకున్నవాణ్ణి. పిల్లలు పెట్టిన గుర్తు చెరిపి నాకు కావలసింది రాసుకుంటే ఆ డైరెక్టరుకీ నాకూ తేడా ఏముంది? వద్దన్నాను. ఉన్నవి ఉన్నట్టే సంతకం పెట్టమన్నాను.

“పెట్టె పోద్ది మాస్టారూ.”

“పోనీ.”

బుద్రమ్మ వెన్నుపూసని పొడిబట్టతో తుడిచి, దుప్పటిలో తనే చుట్టి పెట్టింది. చుట్టే ముందు ఎముకకి ఒక చివర తెల్లదారం కట్టింది. పిల్లలు గెడ్డ దాకా, అక్కణ్ణించి కాఫీ తోట దాకా, తోట నుంచి రోడ్డు దాకా వచ్చారు. పెట్టెని నలుగురు మోశారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. నా కోసం వచ్చారని అనుకునేంత అమాయకుణ్ణి కాను.

జీపులో వచ్చింది నిన్నటి డ్రైవరే. పెట్టె మోసుకొస్తున్న పిల్లలనీ వాళ్ళ తడితలలనీ చూశాడు. ముందుసీటు ఖాళీ చేయించి పెట్టెని అందులో పెట్టించాడు, నన్ను వెనక మేకల దగ్గర కూర్చోమన్నాడు.

పన్నెండుంబావుకి అరకులో విశాఖ బస్సెక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు తిరుగు ప్రయాణం బస్సులో చెయ్యాలి, రైలు మధ్యాహ్నం ఆలస్యం చేస్తుంది. అనంతగిరి మలుపుల్లో మాత్రం కడుపు ఖాళీగా ఉంచుకోండి. నా ముందు సీటతను ఆ సలహా ఎవరి దగ్గరా వినలేదు.

ఘాటు దిగాక చెక్‌పోస్టులో బస్సు ఆపారు. గంజాయి కోసం సంచులన్నీ విప్పించారు. కానిస్టేబులు నా పెట్టె తెరిచి దుప్పటి తొలగించి ఆగిపోయాడు. పసుపూ దారమూ చూసి రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

“ఎవరిదండీ ఇది?”

అనుమతి కాగితం మూత మీదే ఉంది. చూపిస్తే సరిపోయేది. నేను, “అరకు దగ్గర చేప గోత్రం వాళ్ళది” అన్నాను. అతను కాగితం చదవకుండానే దుప్పటి మళ్ళీ కప్పేసి, “జాగర్తగా తీసుకెళ్ళండి” అన్నాడు.

శృంగవరపుకోట దగ్గర ఫోనుకి సిగ్నలు వచ్చింది. కాగితాలవీ ఎముకదీ ఫోటోలు పంపిన అయిదు నిమిషాల్లో మేనేజరు ఫోను చేసింది.

“సార్, పంతొమ్మిదికి పంతొమ్మిది రాంగ్ సార్. అసలు అక్కడ ఏం చెప్పారు మీరు?”

“పాఠం చెప్పాను.”

“ఒక్కరైనా రైట్ పెట్టాలి కదా సార్, బై మిస్టేక్ అయినా.”

“వాళ్ళు పొరపాట్లు చెయ్యలేదమ్మా.”

ఆవిడకి అర్థం కాలేదు, నేను విప్పి చెప్పలేదు. విప్పి చెబితే రిపోర్టులో ‘కమ్యూనిటీ కనెక్ట్’ అని రాసి ఒక ఫోటో వేస్తుంది. జూన్ నుంచి ట్యాబులే వెళతాయంది. పెట్టె సోమవారం ఆఫీసులో అప్పగించాలంది. ఎముక మీద ఆ పచ్చరంగేమిటి, కడిగి ఇవ్వమంది.

“కడగను” అన్నాను.

“సార్?”

“రాసి పంపిస్తాను. పన్నెండో ఉత్తరం.”

ఆ ఉత్తరం బస్సులోనే మొదలుపెట్టాను. వెన్నుపూస గోదాములోకి పోయినా దాని మీది పసుపూ దారమూ తీయకూడదని, అలా ఎందుకుందో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టాలని డైరెక్టరుని అడుగుతున్నాను. హాల్లోని ఇత్తడి బోర్డు గురించి ఈసారి ఏమీ అడగలేదు. అది తప్పే. తిమింగలం చేప కాదు. ఈ మాట చెప్పడం మానను. ఆ బోర్డు రాసినవాడికీ ఆ టిక్కు పెట్టిన సోంబారికీ ఒకే మార్కు వేసే కాగితాన్ని మాత్రం ఇక నమ్మను.

అరకు ఎలా ఉందని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే: బొర్రా దాకా మనుషులకి సిగ్గు లేదు, అరకులో వేడినీళ్ళు లేవు, ఆ పైన ఒక ఊరుంది, దాని పేరు చెప్పను.

నాలుగున్నరకి ఇల్లు చేరాను. పెట్టె గేటు లోపల పెట్టి, చెప్పులు విడిచి, గుమ్మం ఎక్కకుండా పెరట్లోకి పోయి కుళాయి కింద కూర్చున్నాను. చన్నీళ్ళు. తల మీంచి బట్టలతో సహా పోసుకున్నాను. చప్పుడు విని మా ఆవిడ తువ్వాలు పట్టుకుని కంగారుగా వచ్చింది. అలా స్నానం చేసేది ఎప్పుడో మా ఇళ్ళలో అందరికీ తెలుసు.

“ఎవరు పోయారు?”

చెప్పాను. ఆవిడ పెట్టె వంక, నా వంక చూసింది.

“అది పోయి ఏడేళ్ళయింది కదండీ.”

“కబురు ఇవాళ అందింది” అన్నాను.